నొక్కకపోతే బాగున్నట్టే

కదలొద్దని చెప్పి టెక్నీషియన్ కుర్రాడు తలుపు వేసుకుని వెళ్ళాడో లేదో, లింగానికి ముక్కు కొస మీద దురద మొదలైంది. యాభై ఏళ్ళకు పైగా ఆ ముక్కు అక్కడే ఉంది, ఏనాడూ తనను పట్టించుకొమ్మని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు, రెండు చేతులూ ఒంటికి ఆనించి, గుప్పిట్లో వాళ్ళిచ్చిన రబ్బరు బంతి పట్టుకుని, పొట్ట మీద బరువైన పలకేదో కట్టించుకుని, తెల్లటి గొట్టంలో వెల్లకిలా పడుకున్నాక దానికి తీరిక దొరికింది. కళ్ళు తెరిస్తే జానెడు దూరంలో గొట్టం పైకప్పు. మూసుకుంటే అదే పైకప్పు ఇంకాస్త కిందికి దిగినట్టుంటుంది. పొడుగు మనుషులకైతే నడుము కింది స్కానింగుకి తల బయటికే ఉంటుందండి, మీకే కాస్త లోపలికొస్తుంది, అని ప్రవీణ్‌కుమార్ అనే ఆ కుర్రాడు ఎంతో మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్తే పొట్టివాడు పొడుగవుతాడా? లింగాన్ని జీవితమంతా బొరియల్లోకి తోసింది ఆ పొట్టితనమే. పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో మందు వండే రియాక్టర్ ట్యాంకు కడగాలంటే దాని మూతి దగ్గరి మ్యాన్‌హోల్‌లో పట్టే మనిషి కావాలి. భుజాలు వెడల్పున్న వాళ్ళంతా పైన నిలబడి పరాచికాలాడుతుంటే లింగం లోపలికి దిగేవాడు. ముక్కు దురద. ఊపిరి గట్టిగా వదిలితే తగ్గుతుందేమో. వదిలాడు. తగ్గకపోగా ఆ వేడి గాలి పైకప్పుకి తగిలి మళ్ళీ మొహం మీదికే వచ్చింది.

మెషిన్ మోగడం మొదలైంది. చెవుల్లో దూది కుక్కి, పైన హెడ్‌ఫోన్ తగిలించినా ఎవరో రేకుల షెడ్డు మీద సమ్మెటతో బాదుతున్నట్టే ఉంది. బాదనీ. బాదినంతసేపూ చూస్తున్నట్టే లెక్క. చూసి ఈరోజు తేల్చేస్తారు. గడ్డ ఉందా, పోయిందా. పెద్దపేగు చిట్టచివర, నలుగురిలో పేరు కూడా చెప్పలేని చోట వచ్చింది అది. గుండెలోనో మెదడులోనో వస్తే కనీసం చుట్టాలకు గౌరవంగా చెప్పుకునేవాడు. ఏం జబ్బే అని ఎవరన్నా అడిగితే పెళ్ళాం ఇందిరమ్మ, కడుపుల గడ్డ అని పైపైన చెప్పి మాట మార్చేది. డాక్టర్ నిషిత మాత్రం మొహమాటం లేకుండా కాగితం మీద బొమ్మ గీసింది. చిన్నపిల్ల, అతని కూతురంత ఉంటుంది. ఇదివరకైతే ఇంత కిందికి వచ్చిన గడ్డకు ఒకటే దారి లింగంగారూ, అంది. మలం వచ్చే చోటు మొత్తాన్నీ కోసి తీసేసి, కింద కుట్టేసి, పొట్ట పక్కన రంధ్రం పెట్టి సంచి తగిలించడం. బతికినన్నాళ్ళూ సంచే. ఇప్పుడు మేమొక పరిశోధన చేస్తున్నాం. కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మందు ఎక్కించడం, అన్నీ ఆపరేషన్‌కి ముందే చేసేస్తాం. కొందరికి గడ్డ ఆనవాలు లేకుండా కరిగిపోతోంది. అలా కరిగిన వాళ్ళకు కత్తి పెట్టం, కనిపెట్టుకుని ఉంటాం. మిగిలిన వాళ్ళకు ఆపరేషన్ చేస్తాం. లింగం ఆ పిల్ల చెప్పిన మాటల్లో కత్తి పెట్టం అన్న ఒక్క ముక్కనే పట్టుకుని ఇంటికి వచ్చాడు.

ఇంటికి వస్తే ఇందిరమ్మ ఒప్పుకుందా? కూర తాలింపు మాడిపోతున్నా గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. "ఇంట్ల దొంగ దూరిండని ఎరుకైనంక, దీపం పెట్టి సూస్తే కనవడలేదని తలుపేసుకొని పంటమా? కోపిచ్చుకో. పీడ పోతది." సంచితోని బతుకుమంటవానే అని అతను అరిచాడు. "బతుకుమంటున్న. గదే అంటున్న" అని ఆమె కూడా అంతే గట్టిగా అరిచింది. ఆ తర్వాత మాడిన కూరే ఇద్దరూ తిన్నారు. ఆ రాత్రి ఆమె అటు తిరిగి పడుకుని మూలిగిన మూలుగుకు ఏ స్కానింగూ అక్కర్లేదు, ఎక్కడ నొప్పో అతనికి తెలుసు. అయినా మొండికేశాడు. కరెంటు పెట్టించుకున్నాడు. మందు ఎక్కించుకున్నాడు, నోరు పూసింది, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కి చొక్కా గుండీలు ఇందిరమ్మే పెట్టాల్సి వచ్చింది. గుండీలు పెడుతున్నంతసేపూ ఆమె కళ్ళు గుండీల మీదే ఉండేవి. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. అతని చొక్కా ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు బెంచీ కింద పెట్టి, మొలతాడు మాత్రం తన రొంటిన దోపుకుని. మొలతాడు దగ్గర పెద్ద పంచాయితీ అయింది. లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదండి, ఆ వెండిది కూడా తియ్యాలి, అని ప్రవీణ్‌కుమార్ అనగానే లింగం తోలు ఒలవమన్నట్టు చూశాడు. ఇందిరమ్మ ఊరుకోలేదు. "పెండ్లాం సచ్చినోని మొలతాడు తీస్తరు సారూ. నేను గీడనే నిలవడ్డ గద." కుర్రాడి మొహం ఎర్రబడింది. వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడి గవర్నమెంటు ఫ్యాక్టరీలో చేరి స్థిరపడ్డాడట, కుర్రాడు ఇక్కడే పుట్టాడు, అయినా ఈ ఊరి ఆడవాళ్ళకు జవాబు చెప్పడం ఇంకా నేర్చుకోలేదు. చివరికి ఆమే కొక్కెం విప్పింది. ఒకప్పుడు పొట్టకు బిగుసుకుని గాటు పడేది, ఇప్పుడు దానంతటదే జారింది. జారినప్పుడు ఆమె కళ్ళు అతని నడుము మీద కాసేపు ఆగాయి. ఇంత సన్నబడ్డాడా అన్నట్టు. "ఎవలన్న అడిగితే నాతాననే ఉన్నదని చెప్పు" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

సమ్మెట ఆగి ఇంకో రకం చప్పుడు మొదలైంది, కీచుమని, దారం తెగిన కుట్టుమిషన్ లాగా. రియాక్టర్‌లో ఇంత గోల ఉండేది కాదు. లోపలికి దిగాక తన ఊపిరి తనకే పెద్దగా వినిపించేది. నడుముకు పట్టీ, పట్టీకి తాడు, తాడు కొస పైన నర్సన్న చేతిలో. నర్సన్నదీ లింగం ఊరే, ఇద్దరి పొలాల మధ్యా ఒకటే గట్టు ఉండేది. లింగం తండ్రి జొన్న వేసిన చెలకలోనే ఆ ఫ్యాక్టరీ లేచింది కాబట్టి, నీ చేన్ల నువ్వే దిగుతున్నవ్ పో, అని నర్సన్న ప్రతిసారీ దీవించి దింపేవాడు. పైనుంచి తాడు ఒకసారి లాగేవాడు. ఎట్లున్నవ్ అని అర్థం. లోపలినుంచి ఒకసారి లాగాలి. మంచిగున్న అని అర్థం. లాగకపోతే రెండోసారి అడగడం లేదు, మనిషిని పట్టి పైకి లాగేయడమే. చప్పుడు లేదంటే మనిషి లేనట్టు, అదీ వాళ్ళ లెక్క. బీహార్ నుంచి వచ్చే పిల్లలకు మొదటిరోజు నర్సన్న వచ్చీరాని హిందీలో నేర్పేదీ అదే. ఒక ఎండాకాలం లింగం లోపల గోడకు ఆనుకుని కునుకు తీశాడు. బయట నిప్పులు చెరుగుతుంటే లోపల చల్లగా ఉంది మరి. తాడు లాగితే జవాబు లేదు. నర్సన్న కేకలు పెడుతూ, ఇంకో ఇద్దరితో కలిసి, అతన్ని బావిలో పడ్డ మేకపిల్లను తీసినట్టు పైకి తీశాడు. పైకి వచ్చిన లింగం నిద్ర చెడగొట్టినందుకు నానా తిట్లూ తిట్టాడు. అది నిద్రో, గాలాడక కమ్మిన మత్తో, ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నర్సన్న మాత్రం తిట్లు తింటూ అక్కడే కూలబడి ఏడ్చాడు.

చప్పుడు ఆగింది. ఒక్కసారిగా. గొట్టంలో తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. ఎవరో అడుగుతున్నట్టుంది, ఎట్లున్నవ్ అని. లింగం బుర్ర ఇంకా ఆలోచించనే లేదు, చెయ్యి తన పని తాను చేసేసింది. చేతిలో ప్రవీణ్‌కుమార్ పెట్టిన రబ్బరు బంతిని ఒకసారి గట్టిగా, తృప్తిగా నొక్కింది.

ఎక్కడో గంట మోగింది. బల్ల బయటికి జరిగింది. ప్రవీణ్‌కుమార్ పరుగున వచ్చాడు. "ఏమైందండీ? ఊపిరాడట్లేదా?"

"ఏం గాలె సార్. మంచిగున్న."

"మరి నొక్కారేంటండీ?"

"మంచిగున్ననని నొక్కిన."

కుర్రాడు నవ్వు ఆపుకోవడం కోసం పొట్ట మీది పలక సరిచేశాడు. "బాగుంటే నొక్కక్కర్లేదండి. నొక్కకపోతే బాగున్నట్టే. ఇబ్బందైతేనే నొక్కాలి. మీరు కదిలారు కాబట్టి ఈ ఫొటోలు మళ్ళీ తియ్యాలి."

"మా తాన ఉల్టా ఉంటది సార్" అన్నాడు లింగం. పనిలో పనిగా ముక్కు గోక్కోబోయాడు. దురద ఎప్పుడో పోయింది.

మళ్ళీ లోపలికి. మళ్ళీ జానెడు దూరంలో పైకప్పు, మళ్ళీ సమ్మెట. నొక్కకపోతే బాగున్నట్టే. ఎంత తేలిగ్గా అనేశాడు. ఆలోచిస్తే నిషితమ్మ వైద్యం కూడా ఇదే. గడ్డ మాట్లాడకపోతే లేనట్టు. అది మొదట్లో మాత్రం మాట్లాడిందా? ఎన్నాళ్ళో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. రక్తం కనబడితే ఊళ్ళో ఆర్‌ఎంపీ మొలలన్నాడు, కారం తగ్గించమన్నాడు. లింగం కారం తగ్గించాడు, గడ్డ పెరిగింది. చప్పుడు చెయ్యకుండా ఉండడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటిదాన్ని పట్టుకుని, ఇప్పుడు చప్పుడు లేదు కాబట్టి లేదు అని ఇంటికి పొమ్మంటారు. పొమ్మని ఊరుకుంటారా? మూడు నెలలకు రమ్మంటారు. మళ్ళీ ఈ గొట్టం, మళ్ళీ వెనకనుంచి కెమెరా, మళ్ళీ నిషితమ్మ చేతికి గ్లౌజు తొడుక్కుంటుంటే గోడ వంక తిరిగి కళ్ళు మూసుకోవడం. ఎన్నాళ్ళమ్మా అని అడిగితే ఐదేళ్ళన్నా చూడాలి అంది, ఏదో శుభవార్త చెప్పినట్టు. ఐదేళ్ళూ ప్రతి పొద్దూ లెట్రిన్‌లో కిందికి వంగి చూసుకోవాలి. ఎర్రగా ఉందా, బీట్‌రూట్ తిన్నానా. నడుము నొప్పి అంటే బస్సు కుదుపులకా, అదేనా. కాపలా ఎవరు? తనే. లోపల తనే, పైనా తనే. తాడు రెండు కొసలూ ఒక్కడి చేతిలోనే. ఎట్లున్నవ్ అని తనే లాగాలి, మంచిగున్న అని తనే లాగాలి.

మింగితే కదిలినట్టా? మింగకుండా ఉండాలనుకునేసరికి నోటినిండా ఊట. మెల్లగా మింగాడు. బంతి చేతిలో చెమటకు జారుతోంది. నొక్కితే బయటపడొచ్చు, వద్దు సార్ అని లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళి? గొట్టం బయట కూడా గొట్టమే. నర్సన్న గుర్తొచ్చాడు. నర్సన్నకూ ఇదే జబ్బు, ఇదే చోట, లింగానికంటే ముందే. అప్పటికి ఈ పరిశోధనలవీ ఇటువైపు రాలేదు. కోసేశారు, కుట్టేశారు, సంచి తగిలించారు. అప్పుడు లింగం జాలిపడ్డాడు చూడు, ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కంపెనీ బస్సులో మనిషి మీద మనిషి పడి వెళ్ళేవాళ్ళం, వీడింక ఎక్కడ ఎక్కుతాడు, పెళ్ళిళ్ళలో బంతిలో ఎట్లా కూర్చుంటాడు, పక్కవాడు ముక్కు మూసుకోడా అని. సంచి పేరు చెప్తే తనకు గుండెలు జారిపోయేది అందుకే. ఆ నర్సన్న ఈ మధ్య ముత్తంగి దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ చొక్కా ఎత్తి చూపించాడు. చుట్టూ జనం ఉండగానే. "సూడు. గింతే. దీనికే నువ్వు ఏడాది సంది పరేషాన్ అయితున్నవ్."

వాసన రాదారా అని అడిగాడు లింగం, గొంతు తగ్గించి.

"పాశమైలారంల పుట్టినోనికి వాసన భయమేందిర? మన ఊరి గాలి కంటే నేనే నయం." చాయ్ గ్లాసు పక్కన పెట్టి బిస్కెట్ నంజుకున్నాడు. "ఏడాదికోసారి పోయి సూపిచ్చుకుంట. ఇగ మళ్ళ మతికుండది."

ఇగ మళ్ళ మతికుండది. ఆ ముక్క లింగానికి ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. మర్చిపోతాడట. సంచి కట్టుకున్నవాడు మర్చిపోయి టీవీఎస్ వేసుకుని ఊళ్ళు తిరుగుతున్నాడు. ఏ సంచీ లేని తను రాత్రి లేచి కూర్చుని పొట్ట తడుముకుంటున్నాడు. సంచిని తప్పించుకోవడానికే కదా ఈ పరిశోధనలో చేరింది, ఇందిరమ్మతో అన్ని మాటలు పడింది? అయితే ఇప్పుడు ఈ గొట్టంలో, ఈ సమ్మెట కింద, అతని లోపలినుంచి పైకి వస్తున్న కోరిక ఏమిటి? రానివ్వకూడదనుకున్నాడు. కాలి బొటనవేళ్ళు బిగించాడు. అయినా వచ్చింది. కనబడనీ. ఒక చిన్న మచ్చ కనబడనీ దేవుడా, ఆవగింజంత. నిషితమ్మ బాధగా మొహం పెట్టి, సారీ లింగంగారూ, ఇంకా మిగిలి ఉంది, కొయ్యాలి అననీ. కోస్తారు, కొన్నాళ్ళు నొప్పి, తర్వాత సంచి, ఆ తర్వాత ఒక పొద్దున లేచి దాని సంగతి మర్చిపోయి చాయ్ తాగుతాడు. తేలిపోవాలి. ఏదో ఒకటి. తన నోటితో కొయ్యండి అని అడగడానికి మొహం చెల్లదు. సంవత్సరం పాటు పెళ్ళాంతో, కొడుకు చంద్రకాంత్‌తో, ఊరందరితో వద్దు వద్దని కొట్లాడినవాడు ఇప్పుడు ఏ మొహంతో అడుగుతాడు? గడ్డే అడగాలి.

అనుకున్నాక భయమేసింది. బయట ఇందిరమ్మ బీరంగూడ మల్లన్నకు మొక్కుకుంటూ ఉంటుంది. కోపిచ్చుకో అన్న మనిషే, అతను మొండికేశాక ఇంక వాదన మానేసి, సరే నా మాట ఓడినా పరవాలేదు, ఏమీ కనబడకుండా చూడు సామీ అని కొండకు మెట్టు మెట్టుకూ పసుపు పెట్టి వచ్చింది. ఆమె మోకాళ్ళు ఇంకా వాచే ఉన్నాయి. ఒకే దేవుడికి ఒకే ఇంట్లోంచి రెండు మొక్కులు, ఒకటి లేకుండా చెయ్యమని, ఒకటి ఉండేలా చూడమని. పాపం ఎవరి మాట వింటాడు? ఆమె మాటే వింటాడు, వాచిన మోకాళ్ళు ఆమెవి కదా. వినాలి కూడా. ఛీ, ఎంత నీచుడివి లింగం, నిన్ను కాపాడమని ఆమె అక్కడ కూర్చుంటే నువ్విక్కడ రోగాన్ని పిలుచుకుంటున్నావు. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు కారి చెవుల్లోని దూదిని తడుపుతున్నాయి. తుడుచుకుంటే కదిలినట్టు. కారనిచ్చాడు. కనబడనీ, వద్దులే, కనబడనీ, వద్దు సామీ. సమ్మెట దెబ్బ దెబ్బకూ మాట మారుతోంది.

ఎప్పుడు ఆగిందో తెలియలేదు. బల్ల బయటికి వచ్చింది. అయిపోయిందండి, ఈసారి చాలా బాగా ఉన్నారు, అన్నాడు ప్రవీణ్‌కుమార్. లేచి కూర్చుంటే గది తిరిగింది. ఇందిరమ్మ లోపలికి వచ్చి చొక్కా తొడిగి గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. అద్దాల గది తలుపు తీసుకుని నిషిత వచ్చింది. ఆమె నడకలోనే తెలిసిపోయింది. పిల్ల కదా, దాచుకోవడం రాదు.

"పూర్తి రిపోర్టు రేపు ఇస్తారు. కానీ మా సార్, నేనూ కూర్చుని మొత్తం చూశాం. మొన్న కెమెరాలో కూడా ఏమీ లేదు కదా. ఇందులోనూ మానిన మచ్చ తప్ప గడ్డ ఆనవాలు కనిపించట్లేదు లింగంగారూ."

"అంటే ఇగ లేనట్టేనా బిడ్డా?" ఇందిరమ్మ అడిగింది.

"లేదు అని చెప్పలేనమ్మా. కనిపించట్లేదు అని మాత్రం చెప్పగలను. ఆపరేషన్ వద్దు. మూడు నెలలకి మళ్ళీ చూద్దాం."

ఇందిరమ్మ మొదటి మాట వినలేదు, చివరి మాటా వినలేదు. ఆపరేషన్ వద్దు అన్నదొక్కటే విన్నది. నిషిత రెండు బుగ్గలూ పుణికి, తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది. నీ చేతులు సల్లగుండ అంది. ఆ పిల్ల సిగ్గుపడిపోయింది. లింగం నేలను చూస్తూ కూర్చున్నాడు. మూడు నెలలకి. ఆ తర్వాత మళ్ళీ మూడు నెలలకి. భుజాలు ముందు కదిలాయి, తర్వాత గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, తనదే అని తెలియడానికి క్షణం పట్టింది. తండ్రి పోయిననాడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. బెంచీ మీద పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆపుకుందామంటే ఊపిరి అందడం లేదు.

ఇందిరమ్మ అతని తలను తన పొట్టకు అదుముకుంది. ఆమె కూడా ఏడుస్తోంది, నవ్వుతూ. "ఏడువు. ఏడువయ్యా. పాణం నెమ్మదైతే గిట్లనే అయితది." నిషిత కళ్ళు తుడుచుకుంది. ప్రవీణ్‌కుమార్ మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు. లింగం తలెత్తి ఇందిరమ్మ మొహం చూశాడు. జబ్బు బయటపడ్డనాటినుంచి ఆ మొహంలో అంత వెలుగు అతను చూడలేదు. చెప్పాలనుకున్న మాట నాలుక మీదికి వచ్చింది. కొయ్యమని చెప్పు ఇందిరా, నీ మాటే నిజం, నేను ఓపలేను. ఒక్కటంటే ఒక్క ముక్క. ఆమె కొంగుతో అతని మొహం తుడుస్తూ, "సంతోషమేనా?" అని అడిగింది.

"అవునే," అన్నాడు లింగం, "సంతోషమే."